హైదరాబాద్ నుంచి దుబాయికి విమానంలో ఎంతసేపు?

మీ నాన్నగారు మొదటిసారి దుబాయి వెళ్తున్నారని, టికెట్ చూస్తే వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదు గంటలు అన్నట్టుందని, ఏది నిజమని అడిగారు. రెండూ కాదండీ. నేను తొమ్మిదేళ్లు అక్కడ పనిచేశాను. మధ్యలో ఎక్కడా దిగకుండా నేరుగా వెళ్లే విమానమైతే వెళ్లేటప్పుడు దాదాపు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర. దూరం సుమారు 2,550 కిలోమీటర్లు.

తికమకంతా గడియారాలతోనే. దుబాయి టైమ్ మనకంటే గంటన్నర వెనక. టికెట్ మీద ఎక్కే టైమ్ ఎక్కే ఊరిది, దిగే టైమ్ దిగే ఊరిది. శంషాబాద్‌లో రాత్రి 10కి బయల్దేరితే, దిగేసరికి మనకు 2 అవుతుంది, అక్కడి గడియారంలో మాత్రం 12:30. అదే దుబాయిలో రాత్రి 10కి ఎక్కితే మనకు అప్పటికే 11:30. ఇక్కడ దిగేసరికి తెల్లవారుజామున 3.

ఇక ఆ అరగంట తేడా గాలి వల్ల. విమానం తిరిగే ఎత్తులో ఏడాదిలో ఎక్కువ నెలలు పడమటి నుంచి తూర్పుకు గాలి బలంగా వీస్తుంది, చలికాలంలో మరీ ఎక్కువ. డిసెంబరులో ఇంటికొచ్చేటప్పుడు సీటు ముందున్న స్క్రీన్‌లో వేగం గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటడం చూశాను. ఊరు దగ్గరపడుతోందని ఆ అంకె వైపే చూస్తూ కూర్చునేవాణ్ణి.

అసలు జాగ్రత్త తేదీ దగ్గర. మా బావ టికెట్‌లో 14వ తేదీ, 00:50 అని ఉంది. అంటే 13న రాత్రే ఎయిర్‌పోర్టుకు వెళ్లాలి. మేమంతా 14 రాత్రి అనుకున్నాం. జగిత్యాల నుంచి కారు మాట్లాడుకుని, సూట్‌కేసు మీద మార్కర్‌తో పేరు రాసి, తాడు కట్టి, పిల్లలతో సహా వెళ్లాం. గేటు దగ్గర జవాను టికెట్ చూసి, "ఈ ఫ్లైట్ నిన్న రాత్రే పోయింది కదా" అన్నాడు. అక్క అక్కడే కూలబడిపోయింది. అప్పు చేసి మళ్లీ టికెట్ కొన్నాం.

ఇంకో మాట. నాలుగు గంటలే కదా అని నాన్నగారికి చెప్పకండి. మాకు శంషాబాద్ చేరడానికే నాలుగున్నర గంటలు పట్టేది. మూడు గంటల ముందు అక్కడుండాలి, దిగాక ఇమిగ్రేషన్ లైను, సామాను, గదికి ప్రయాణం. ఇల్లు వదిలినప్పటి నుంచి పన్నెండు, పదమూడు గంటలు అనుకోవాలి. బీపీ, షుగర్ మాత్రలు ఉంటే చేతి సంచిలోనే పెట్టండి. మసాలా పొడులు కట్టిస్తే అందులో గసగసాలు లేకుండా చూడండి. అక్కడ నిషేధం, పట్టుకుంటే కేసు పెడతారు.

టికెట్‌లో టైమ్ 00 తోనో 01 తోనో మొదలైతే, ఆ తేదీకి ముందు రోజు సాయంత్రానికే కారు మాట్లాడండి.