వేలితో చూపించడు

ప్రశ్న: మా బాబుకు 19 నెలలు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఏదైనా కావాలంటే వేలితో చూపించకుండా నా చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడు. ‘వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి’ అంటారు మా అత్తగారు. ఇంకొన్నాళ్లు ఆగవచ్చా?

జవాబు: ఆగకండమ్మా. మాటల సంగతి అలా ఉంచి, వేలితో చూపించకపోవడమే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. ముందు వినికిడి పరీక్ష చేయించండి. వెనక నుంచి గిన్నె మోగించి చూడడం పరీక్ష కాదు (మా అమ్మాయి విషయంలో నేనూ అదే చేశాను, డాక్టరునై ఉండి!). తర్వాత పిల్లల డాక్టరు దగ్గర ఆటిజం సూచనలు ఉన్నాయేమో చూసే ఎం-చాట్ ప్రశ్నావళి నింపండి. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారైన 20 అవును-కాదు ప్రశ్నలు. స్కోరు ఎక్కువ వచ్చినంత మాత్రాన ఆటిజం అని ఖాయం చేయరు, ఇంకా వివరంగా చూస్తారు. ఈలోగా స్పీచ్ థెరపీ మొదలుపెట్టవచ్చు. వెళ్లేటప్పుడు బాబు ఇంట్లో ఆడుకునే వీడియో ఒకటి ఫోనులో తీసుకెళ్లండి. కొత్త గదిలో పిల్లలు బిగుసుకుపోతారు.