అక్కది నటన కాదు

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం రెండేళ్ల క్రితం న్యూజెర్సీ నుంచి మాంచెస్టర్‌కు మారింది. ఆరేళ్ల చిన్న మనవరాలు అక్కడి పిల్లల్లాగే ‘బస్’ను ‘బుస్’ అంటోంది. పద్నాలుగేళ్ల పెద్ద మనవరాలు బడి స్నేహితులతో ఒక రకంగా, ఇంట్లో పాత అమెరికా తీరులో మాట్లాడుతోంది. అది నటన అని చెల్లెలు వెక్కిరిస్తే ఏడుస్తోందట. నిజంగా నటనేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఎంతమాత్రం కాదండి. యాస ఇంట్లో మొదలైనా, బడి ఈడు వచ్చాక తోటిపిల్లల మధ్య కుదురుకుంటుంది. 1967లో ఇంగ్లండులో తలపెట్టిన మిల్టన్ కీన్స్ పట్టణానికి నానా ప్రాంతాలవారు వచ్చి చేరారు. పాల్ కెర్స్‌విల్, ఆన్ విలియమ్స్ అనే భాషాశాస్త్రవేత్తలు అక్కడి నాలుగు, ఎనిమిది, పన్నెండేళ్ల పిల్లల మాటను పరిశీలించినప్పుడు, నాలుగేళ్లవారిలో పెంచినవారి పలుకుబడి బాగా వినిపించగా, పెద్ద పిల్లలు మాత్రం తల్లిదండ్రులు ఎక్కడివారైనా తమలో తాము ఒకే తీరుకు దగ్గరపడ్డారు. మీ చిన్న మనవరాలు సరిగ్గా ఆ దారి మొదట్లో ఉంది.

పెద్దమ్మాయి దారి కష్టమైనది. కెనడా నుంచి దక్షిణ ఇంగ్లండుకు వెళ్లిన పిల్లలను గమనించిన భాషాశాస్త్రవేత్త జాక్ చేంబర్స్, ముందు మాటలు మారతాయనీ, ఉచ్చారణ వెనకబడుతుందనీ, అందులోనూ తేలికైన నియమాలే త్వరగా పట్టుబడతాయనీ తేల్చారు. చిక్కు నియమాలు ఎంత మొండివో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం చూపిస్తుంది: అక్కడివారు ‘మ్యాడ్’, ‘బ్యాడ్’ మాటల్లో అచ్చును బిగించి పలుకుతారు కానీ, వాటితో ప్రాస కలిసే ‘స్యాడ్’లో బిగించరు. తల్లిదండ్రులు బయటి ప్రాంతంవారైతే, చిన్నప్పుడే వచ్చిన పిల్లలకు కూడా ఈ తేడా పూర్తిగా అలవడలేదని ఆర్విల్లా పేన్ పరిశోధనలో బయటపడింది.

ఇక మనిషిని బట్టి మాట మారడమంటారా, అది ఎదుటివారికి దగ్గర కావాలని మనసు తెలియకుండానే చేసే పని. వరంగల్ నుంచి మీ ఊరికి కోడలిగా వచ్చినామె పుట్టింటివారితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఒక్కసారి వినండి. ఆమె మాటను నటన అని మీరు అనగలరా? కాబట్టి పెద్దమ్మాయి ఉచ్చారణను ఎవరూ దిద్దవద్దనీ, వెక్కిరింతను ఇంట్లో సాగనివ్వవద్దనీ మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఆమెకు చెప్పదగిన మాట ఒకటుంది. స్నానానికి వాడే ఇంగ్లీషు మాటను దక్షిణ ఇంగ్లండులో చాలామంది దీర్ఘంగా ‘బాత్’ అంటారు కానీ, మాంచెస్టర్‌వారు ఇంచుమించు అమెరికావారిలాగే ‘బ్యాత్’ అంటారు. ఆ మాట కోసం ఆమె నోరు తిప్పుకోవలసిన పనే లేదు.