విషాల చదువుకు పోతున్న బిడ్డకు

బిడ్డా,

నీకు ఫోరెన్సిక్ ఎమ్మెస్సీలో సీటొచ్చిందని, అందులోనూ టాక్సికాలజీయే కావాలంటున్నావని పొద్దున్నే మీ నాయిన ఫోన్ చేశాడు. ఆయనకు భయం, నాకేమో నల్లగొండంతా చాటింపు వేయాలన్నంత సంతోషం. ఫోన్ పెట్టేశాక నాకూ టెన్షన్ మొదలైంది. ఇరవై ఏళ్ళు మార్చురీ పక్క గదిలో పనిచేసినవాణ్ణి కదా.

గ్లౌజులు, మాస్కు సంగతి మీ సార్లు చెప్తారు. నువ్వు మాత్రం ఏది దొరికినా ముక్కు దగ్గర పెట్టుకునే ఆ చిన్నప్పటి అలవాటు మానుకో. ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు మింగిన మనిషి కడుపులోంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాస్ కోసేవాళ్ళకు కూడా ప్రమాదమే. పత్తి చేలల్లో కొడుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్ పురుగుమందు చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది.

రక్తం సీసాలో సోడియం ఫ్లోరైడ్ ఉందో లేదో చూసుకో, లేకపోతే క్రిములు చేరి ఆల్కహాల్ లెక్క తారుమారవుతుంది. మర్రిగూడ నీళ్ళలో ఉండి మన పెద్దల నడుములు వంచిన ఫ్లోరైడే అక్కడ పనికొస్తుంది, చిత్రం కాదా.

ఇప్పుడు నా తప్పు చెప్తాను, మీ నాయినకూ తెలియదు. 1986 ఎండాకాలం, ఆసుపత్రి పేరెందుకులే. పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండని పిల్ల చనిపోయింది. కడుపునొప్పితో పోయిందని అత్తింటివాళ్ళు, మందు పెట్టారని తల్లి. డాక్టరు తీసి ఇచ్చిన పొట్ట, పేగు ముక్క, కాలేయం, కిడ్నీలు విషం పరీక్షకు పంపేలోపు కుళ్ళకుండా సీసాల్లో పెట్టి ఉప్పునీళ్ళు పోయడం నా పని. ఇక కరగలేక ఉప్పు అడుగున పేరుకునేంత చిక్కగా ఉండాలి ఆ నీళ్ళు. ఆ రోజు ఉప్పు సగం ప్యాకెట్టే ఉంది. ఎండలో బజారుకు పోవడానికి బద్ధకమై, ఉన్నదాంట్లోనే నీళ్ళు కలిపేశాను. పైగా ఎంత నిండితే అంత భద్రమనుకుని మూతి దాకా పోశాను, లోపల పుట్టే గ్యాస్‌కు మూడో వంతు ఖాళీ వదలాలని చెప్పినా చెవికెక్కలేదు. కాగితాల కోసం పది రోజులు ఆగి, కానిస్టేబుల్ వాటిని సంచిలో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాడు. చౌటుప్పల్ దాటగానే ఒక బిరడా టప్పుమని లేచిందట, లక్క సీలు పగిలిందట, బస్సులో జనమంతా ముక్కు మూసుకుని దిగిపోయారట. స్టాఫంతా నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

సీలు పగిలిన సీసాను ల్యాబ్‌లో తీసుకోలేదు, మిగతావి కుళ్ళిపోయాయన్నారు. ఆ తల్లి మాత్రం ప్రతి సోమవారం వచ్చేది. "రిపోర్టొచ్చిందా సారూ" అనేది, ఆ ఆసుపత్రిలో నన్ను సారూ అన్నది ఆమె ఒక్కతే. ఇంకా రాలేదమ్మా అని మూడు నెలలు అబద్ధమాడాను. ఒకసారి కొంగులో పల్లికాయలు తెచ్చి నా బల్ల మీద పోసింది. తిన్నాను కూడా, బిడ్డా.

అందుకే చెప్తున్నా, ఉప్పు లేకపోతే పని ఆపి తెప్పించు. కంగారులో శవాలు చెడకుండా వాడే ఫార్మలిన్ పోస్తావేమో, పోశావంటే కండ గట్టిపడి విషం బయటికి తీయడం కష్టమవుతుంది. వాడిన ఉప్పునీళ్ళు కొన్ని విడిగా సీసాలో పంపు, విషం వాటిలోంచి రాలేదని తేలాలి కదా.

కల్లు కేసులు నీకు తప్పవు. మన దగ్గరా పాలమూరు వైపూ కల్లులో డయాజెపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలపడం కొత్త కాదు. దుకాణం మూస్తే చాలు, రోజూ తాగేవాడికి చేతులు వణికి ఫిట్స్ వస్తాయి, చూసేవాళ్ళేమో తాగి పడ్డాడంటారు. ఆల్కహాల్ ఒక్కటే వెతికి సంతకం పెట్టావంటే నా చేతిలో తన్నులు తింటావ్. మూత్రం పరీక్ష స్ట్రిప్ పాజిటివ్ రాగానే నల్లమందు అని రాసేయకు, కూరలో గసగసాలు ఎక్కువ తిన్నా మూత్రంలో నల్లమందులో ఉండే మార్ఫిన్ కనబడొచ్చు. పదార్థమేదో కచ్చితంగా తేల్చే మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్షలో ఖాయమయ్యేదాకా ఆగు.

రాత్రిపూట ల్యాబ్‌లో ఒంటరిగా ఉండకు. అన్నం ముందు చేతులు మోచేతుల దాకా కడుక్కో. మీ పెద్దమ్మ మామిడికాయ తొక్కు పెట్టింది, ఆదివారం వచ్చి హాస్టల్‌కు తీసుకుపో. జాడీ మూతి దాకా నింపొద్దని నేనే చెప్పాను.

మీ పెదనాయిన