విసుగుతో చేసే సేవకు అర్థం ఉంటుందా?

ప్రశ్న: నా వయసు 47. మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా రాదు. మూడేళ్లుగా స్నానం, తిండి, మలమూత్రాలు అన్నీ నేనే చూస్తున్నాను. మావారు ఉద్యోగం నుంచి రాత్రికి వస్తారు; మరిది హైదరాబాదు నుంచి డబ్బు పంపుతారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ పెట్టిన ఆరళ్లు నేను మరచిపోలేదు. ఒకప్పుడు రోజూ లలితా సహస్రనామం చదివేదాన్ని. ఇప్పుడు దీపం పెట్టడమే గగనం. బంధువులేమో మానవ సేవే మాధవ సేవ, నీదే పుణ్యం అంటారు. మొన్న పక్క తడిపారని గట్టిగా అరిచాను, ఆవిడ ఏడ్చారు. మనసులో దయ లేకుండా చేసే ఈ సేవ పుణ్యమా, పాపమా?

జవాబు: అమ్మా, అరిచినందుకు మీరు ఇంతగా బాధపడుతున్నారంటే దయ లేకపోలేదు, అది అలసట కింద పడి ఉంది. పాత గాయాలు మానకపోయినా మూడేళ్లుగా ఒక మనిషిని శుభ్రంగా, ఆకలి తెలియకుండా ఉంచుతున్నారు. మనసులో ప్రేమ పొంగినప్పుడు చేసేది మాత్రమే కరుణ అనుకుంటే ఈ లోకంలో రోగులకు సేవ చేసేవారిలో చాలామందికి అది లేదనే చెప్పాలి. ఆవిడను క్షమించి తీరాలని కూడా మిమ్మల్ని మీరు తొందరపెట్టుకోవద్దు.

అయితే ఆవిడ కన్నీళ్ల సంగతి వదిలేయదగినది కాదు. పక్షవాతం తరువాత మూత్రం మీద అదుపు పోవడం, చిన్నదానికే ఏడుపు రావడం చాలామందిలో కనిపించేవే. అవి మొండితనం కావు. మాట పడిపోయినా ఎదుటివారి మాటలు అర్థమయ్యేవారు ఎందరో ఉంటారు కాబట్టి పక్కన కూర్చుని, "ఆ రోజు విసుగులో అరిచాను అత్తయ్యా" అని ఒక్కసారి చెప్పండి. జవాబు రాకపోయినా ఆ మాట వృథా కాదు.

పారాయణ ఆగిపోయిందన్న బెంగకు నా దగ్గర ఒక సూచన ఉంది. మాట రాని కొందరు రోగులు ఏళ్ల తరబడి నోటికి వచ్చిన పాటనో శ్లోకాన్నో మాత్రం ఆశ్చర్యంగా అందుకుంటారు. ఒళ్లు తుడిచి, బట్టలు మార్చాక, ఆవిడకు బాగా తెలిసిన స్తోత్రం ఏదైనా పైకి చదవండి. సహస్రనామానికి శుచి, నియమం అడ్డు వస్తాయన్న సంకోచం ఉంటే ఉత్త నామస్మరణ చేయండి; దానికి ఏ నియమమూ లేదు. ఆవిడ పెదవి కదిలినా, కదలకపోయినా, ఆ కాసేపు మీ ఇద్దరి మధ్య మలమూత్రాల ప్రస్తావన లేని సమయం ఒకటి ఉంటుంది.

ఇక బంధువులు పంచే పుణ్యం గురించి. మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ మీకు తెలిసే ఉంటుంది. తపస్సు చేసిన కౌశికుడు ధర్మం తెలుసుకోవడానికి మిథిలలో మాంసం అమ్ముకునే ఆయన దగ్గరకు వెళితే, ఆయన ముసలి తల్లిదండ్రులను చూపించి నా దేవుళ్లు వీరే అంటాడు. ఈ కథ చెప్పేవారు ఒక వివరాన్ని సాధారణంగా దాటేస్తారు: ఆ తల్లిదండ్రులకు స్నానం చేయించి, కాళ్లు కడిగి, అన్నం పెట్టేది స్వయంగా ఆ కొడుకే, భార్యాబిడ్డలు ఆయనతో కలిసి సేవ చేస్తారు. భార్యకు అప్పగించి తాను దుకాణానికి పోయినట్టు అందులో లేదు. చట్టం కూడా అదే దారిలో ఉంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం సంతానం అన్నప్పుడు కొడుకులు, కూతుళ్లు, మనవలు, మనవరాళ్లనే చెప్పింది. కోడలి పేరు ఆ నిర్వచనంలో లేదు.

ఈ మాట పోట్లాట కోసం వాడుకోమని కాదు. మీవారితో, మరిదితో కలిసి కూర్చుని పనులను పేర్లతో సహా చెప్పండి. పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. ఆ పనిలో రాత్రి వంతు మీవారిది కావాలి. ఆదివారం స్నానం ఆయనే చేయించాలి. మొదట ఆవిడ సిగ్గుపడవచ్చు. ఆ సిగ్గు కొన్నాళ్లకు తగ్గుతుంది. మరిది పంపే డబ్బులో కొంత పగటిపూట ఆయాకు కేటాయించండి, ఏడాదికి కొన్ని వారాలు ఆయన సెలవు పెట్టుకుని వచ్చి మీ స్థానంలో ఉండాలని అడగండి. "మాకు చేతకాదు" అంటారు. పెళ్లి నాటికి మీకూ చేతకాదు కదా, నేర్పండి.

ఆ సమయంలో గుడికి వెళతారో, పుట్టింటికి వెళతారో, తలుపు వేసుకుని నిద్రపోతారో మీ ఇష్టం. దేనికీ ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. నిద్ర పట్టకపోయినా, చనిపోతే బాగుండునన్న ఆలోచన మీ గురించో ఆవిడ గురించో వచ్చినా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. వృద్ధుల సంరక్షణకు సంబంధించిన సహాయానికి 14567 ఎల్డర్ లైన్ ఉంది.