నీటికాసులకు ఆపరేషన్ చేస్తే పోయిన చూపు వస్తుందా?

ఆమదాలవలసలో మీ అమ్మగారికి నీటికాసులు (గ్లకోమా) అన్నారని, శుక్లంలాగే ఆపరేషన్‌తో చూపు వస్తుందా అని అడిగారు. రాదండి. శుక్లంలో మసకబారే లెన్స్‌ను మార్చొచ్చు. ఇందులో దెబ్బతినేది కంటినరం. చుక్కలు, లేజర్, ఆపరేషన్ ఏదైనా కంటి ఒత్తిడి తగ్గించి, మిగిలిన చూపును కాపాడటానికే.

ఎక్కువమందికి వచ్చే రకంలో నొప్పుండదు, పక్కచూపు మెల్లగా పోతుంది. రెండో రకంలో హఠాత్తుగా కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పి, వాంతులు వస్తాయి. అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా శ్రీకాకుళం తీసుకెళ్లండి.

కంటి ఒత్తిడి 21 (mmHg) లోపున్నా జబ్బు లేదనుకోకండి, నరం పరీక్ష, ఫీల్డ్ టెస్ట్ (పక్కచూపు ఎంతుందో చూసే పరీక్ష) కూడా చేయించాలి. చుక్క వేశాక ముక్కువైపు కంటి మూలను ఒకట్రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. ఉబ్బసం ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి, టిమోలాల్ చుక్కలు ప్రమాదం. ఇది కుటుంబాల్లో వస్తుంది కాబట్టి తోబుట్టువులంతా చూపించుకోండి.