పన్నెండడుగుల ఇంట్లో మండువా కళ

ప్రశ్న: రాజమండ్రిలో రెండిళ్ల మధ్య ఇరుక్కున్న మూడంతస్తుల ఇల్లు మాది. వెడల్పు 12 అడుగులు, లోతు 40. కోనసీమలో మా అత్తగారి మండువా లోగిలి తీసేస్తే టేకు ఉయ్యాల బల్ల, భోషాణం, ఇత్తడి గంగాళాలు మాకు వచ్చాయి. మావారేమో ఫాల్స్ సీలింగ్, వాల్‌పేపర్ అంటున్నారు. ఇంటికి పాతకాలపు హుందాతనం ఎలా వస్తుంది?
- ఒక టీచరు, రాజమండ్రి

జవాబు: ముందు ఆ ఫాల్స్ సీలింగ్ మాట ఆపించండమ్మా. రెండు పక్కలా 9 అంగుళాల గోడలు పోతే మీకు మిగిలేది పదిన్నర అడుగులే. వెడల్పు ఎలాగూ పెరగదు, ఉన్న ఎత్తు కూడా పోగొట్టుకుంటారా?

మండువా ఇంటి అందం చెక్కిన స్తంభాలదనుకుంటాం. నిజానికి నడిమధ్య కనబడే ఆకాశానిది. మీకు పక్క కిటికీలు లేవు కాబట్టి మేడమెట్ల పైకప్పులో దళసరి గాజు వేయించి, దాని కింద చుట్టూ గాలి పోవడానికి జాలీ పెట్టించండి. జల్లు కొట్టకుండా గాజును కాస్త బయటికి చూరులా దించాలి. డబ్బు పెట్టేదేదో అక్కడ పెట్టండి.

ఉయ్యాల బల్ల ఇంటి పొడవు దిక్కుగా ఊగాలి. అయిదడుగుల బల్లని ఒక గోడవైపు జరిపి కడితే రెండోవైపు దారి మిగులుతుంది. అడ్డంగా ఊగిందంటే వచ్చేపోయేవాళ్ల మోకాళ్లు పగులుతాయి. కొక్కేలు బిగించేముందు స్లాబు ఇంజనీరుకి చూపించండి. భోషాణం మెట్ల కిందికి. గంగాళం ఒక్కటి బయట ఉంటే చాలు, చింతపండేసి తోమాల్సింది మీరే కదా!

వాల్‌పేపర్ మోజు నాకూ తీరింది. నరసాపురంలో మా ముందుగదికి అంటించినాయన గ్యారంటీ అన్నాడు. శ్రావణం దాటకుండానే మూలలు అప్పడాల్లా లేచాయి, వెనకంతా బూజు. మన గోదావరి చెమ్మ అలాంటిది. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూసి బాగుచేయించాక గోడకి సున్నం వేయించండి. పాత ప్లాస్టిక్ పెయింటు గీకించకపోతే మాత్రం సున్నం నిలవదు.

వీధి కిటికీ కింది సగానికి నరసాపురం లేసు తెర కట్టండి. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిన మా ఊరి అల్లికని గొప్పకి చెప్పడం లేదు. అది దారినపోయేవాళ్ల చూపు ఆపుతుంది గానీ వెలుతురుని ఆపదు. నూలు ఉతికితే ముడుచుకుంటుంది, కొలత రెండంగుళాలు ఎక్కువే చెప్పండి.