ఫ్రంటోసా పిల్లలు ఏడాదైనా పెరగడం లేదు, మేత పెంచాలా?

మూడడుగుల ట్యాంకులో ఆరు ఫ్రంటోసా చేప పిల్లలున్నాయి, ఏడాదైనా 3 అంగుళాలు దాటలేదు, మేత పెంచాలా అని అడిగారు. వద్దండి. ఏడాదికి 3 అంగుళాలంటే అవి బాగానే ఎదుగుతున్నాయి. చక్కగా తింటూ, చారలు స్పష్టంగా కనిపిస్తుంటే జబ్బేమోనని టెన్షన్ పడక్కర్లేదు. ఈ చేప పూర్తిగా ఎదగడానికి చాలా ఏళ్లు పడుతుంది, బాగా చూసుకుంటే 20 ఏళ్లకు పైగా బతుకుతుంది.

ఇవి ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు చేపలు. అక్కడ ఎక్కువగా పదుల మీటర్ల లోతున, వెలుగు అంతగా చేరని రాళ్ల మధ్య గుంపులుగా ఉంటాయి. వేటకైనా పరుగులు పెట్టవు. మసక వెలుగులో, ఇంకా నిద్రమత్తు వదలని చిన్న చేపల దగ్గరికి మెల్లగా వెళ్లి మింగేస్తాయి. మా ట్యాంకులోనూ మేత వేయగానే ఎగబడవు, గింజ కిందికి దిగేదాకా చూసి, అప్పుడు కదిలొచ్చి నోరు తెరుస్తాయి. అందుకే మునిగే పెల్లెట్లే వాడతాను. పైన తేలే మేతైతే దాంతోపాటు గాలి కూడా మింగే ప్రమాదం ఉంది. త్వరగా పెరుగుతాయని మేక, గొడ్డు మాంసం లాంటివి పెట్టేవాళ్లున్నారు, ఆ కొవ్వు వీటికి సరిగా అరగదు, పొట్ట ఉబ్బి చచ్చిపోయే ప్రమాదం ఉంది.

మేత మీద పెట్టే శ్రద్ధ నీళ్ల మీద పెట్టండి. వీటికి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 8 దాటిన, ఖనిజాలు ఎక్కువున్న గట్టి నీళ్లు కావాలి. చేపల విసర్జన, కుళ్లిన మేత వల్ల నీళ్లలో అమ్మోనియా చేరుతుంది. పీహెచ్ ఒకటి పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే వాటా దాదాపు పది రెట్లవుతుంది. అంటే వేరే ట్యాంకులో నడిచిపోయే కొద్దిపాటి మిగులు మేత ఇక్కడ చేపల ప్రాణం మీదికి తెస్తుంది. నేను వారం వారం మూడో వంతు నీళ్లు మారుస్తాను, కొత్త నీళ్లలో క్లోరిన్ పోయిందో లేదో, వేడి సరిపోయిందో లేదో చూసుకున్నాకే పోస్తాను. నా అనుభవంలో పిల్లల ఎదుగుదలకు దీన్ని మించిన మందు లేదు.

ట్యాంకు మాత్రం మార్చక తప్పదు. మగవి పెద్దయ్యాక అడుగు పొడవు దాటుతాయి కాబట్టి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండాలి. ఒక మగదానికి నాలుగైదు ఆడవి ఉంటే గొడవలు తగ్గుతాయి. నుదుటి మీద బుడిపె చూసి మగదనుకోకండి, ఆడవాటికీ వస్తుంది.

మూడు నాలుగేళ్లకు ఏదో ఒక ఆడది గొంతు సంచిలా ఉబ్బి, ఏదో నములుతున్నట్టు దవడ కదుపుతూ, మేత ముట్టకుండా ఓ మూల ఉండిపోతుంది. కంగారుపడి మందులు వేయకండి. నోట్లో గుడ్లు పెట్టుకుని పొదుగుతోందన్నమాట. పిల్లలు బయటికి రావడానికి నెల, నెలన్నర పట్టొచ్చు. అన్నాళ్లూ దాన్ని వల వేసి పట్టకండి, బెదిరితే గుడ్లు ఉమ్మేస్తుంది.